సౌండు లేని సినిమా

మా పాత ఇంటి ఓనరు ఫోన్ చేసినప్పుడు నేను స్టాఫ్‌రూంలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఆయన గొంతు ఎప్పుడూ గుసగుసే. పక్కన పిల్లల గోల. "వినపడట్లేదన్నా, కాస్త గట్టిగా చెప్పండి" అన్నాను. ఆయన అదే గుసగుసతో మళ్ళీ చెప్పారు. "మీ అక్క పాయెనమ్మా. పొద్దున కాఫీ తాగి, స్వల్ప పండుకుంటానని పోయింది. మళ్ళా లెయ్యలా."

ఆమె నాకు చుట్టం కాదు. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు. నేను ఓనరక్క అని పిలిచేదాన్ని, చివరిదాకా అదే పిలుపు. పేపర్లో ఫోటో వేసి రాయదగ్గ పని ఆమె ఏదీ చేయలేదు. నాకు ఒక సినిమా చూపించింది. ఒక్కటే సినిమా, ఏళ్ళ తరబడి, సౌండు తీసేసి. ఆ సినిమా లేకపోతే నేనివాళ ఈ స్టాఫ్‌రూంలో కూర్చుని ఉండేదాన్ని కాదు. అందుకే రాస్తున్నాను.

కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఊరంతా హడావుడి పడుతున్న రోజుల్లో నాకు పెళ్ళయింది. గోదావరి పక్కనుంచి తిన్నగా కన్నడనాట కె.ఆర్.పురం స్టేషన్ వెనక ఒక మేడమీది గదిలోకి వచ్చి పడ్డాను. మా ఆయనది వైట్‌ఫీల్డ్‌లో రాత్రి ఉద్యోగం. అమెరికా వాళ్ళ కంప్యూటర్లు మొరాయిస్తే ఫోన్లో దారి చెప్పే పని. పొద్దున వచ్చి, రెండు ఇడ్లీలు తిని పడుకుంటే మళ్ళీ చీకటి పడేవేళకి లేచేవారు. ఉన్నది ఒక్క గది. కిటికీకి నల్లటి దుప్పటి. నేను ఆ చీకట్లో పగలంతా కూర్చోవాలి. పేపరు తిప్పితే కదిలేవారు. గాజులు కదిలితే "అబ్బా" అనేవారు. కుళాయి చుక్క చప్పుడు చేస్తోందని బకెట్లో గుడ్డ వేసి ఉంచేదాన్ని. ఆయన చెడ్డవాడు కాదు, ఇప్పటికీ కాదు. నిద్ర చాలని మనిషి, అంతే. కానీ పక్కవాడి నిద్రకి కాపలా కాయడం కోసమా నేను లెక్కల్లో డిగ్రీ, ఆపైన బీఎడ్డూ చదివింది అని గోడకేసి చూస్తూ అనుకునేదాన్ని. గోడ కూడా ఏమీ అనేది కాదు.

ఆ ఇల్లు ఆయన ఏరి కోరి తీసుకున్నారు. అక్కడ చప్పుడు ఉండదని. కింద ఓనరుగారి నాన్నకి పక్షవాతం. ఇంట్లో ఏ చిన్న చప్పుడైనా ఆ పెద్దాయన వణికిపోయి, చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు. "గలాటా చేయనివాళ్ళకే ఇస్తామప్పా" అన్నారట ఓనరు. "మాకూ అదే కావాలి సార్" అన్నారట మా ఆయన. ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు చూసుకుని మురిసిపోయి ఉంటారు. ఆ మాట మా ఇద్దరు ఆడవాళ్ళకీ ఎవరూ చెప్పలేదు. అందుకే పాలు పొంగించిన రోజు నేను మెట్ల రాయిమీద ఫెడేల్మని కొబ్బరికాయ కొట్టాను. కిందనుంచి ఏడుపు. ఆ వెనకే నోటిమీద వేలు పెట్టుకుని ఒకావిడ పైకి పరుగెత్తుకొచ్చింది. తిడుతుందనుకున్నాను. నా చేతిలోంచి ఒక చెక్క తీసుకుని, "కాయ బాగుండాది. ఈసారి రైలొచ్చినప్పుడు కొట్టప్పా" అంది.

ఆ మాట నాకు తర్వాత అర్థమైంది. పెద్దాయన రైల్వేలో పని చేసినవాడు. రైలు చప్పుడు ఆయన్ని ఏమీ చేసేది కాదు. పక్కనే గూడ్సు బండి ఊళ్ళో ఇళ్ళన్నీ ఊపుకుంటూ పోయినా హాయిగా నిద్రపోయేవాడు. వంటింట్లో గరిటె పడితే చాలు, అయిపోయింది. కాబట్టి ఓనరక్క చప్పుడు పనులన్నీ రైళ్ళకి దాచుకునేది. తిరగమోత వెయ్యాలంటే నూనె కాగబెట్టుకుని చెవి స్టేషన్ వైపు పెట్టేది. మిక్సీలో కొబ్బరి, వెల్లుల్లి వేసి మూతమీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. రైలు రాగానే గిర్రుమనిపించేది. దగ్గొచ్చినా, నవ్వొచ్చినా ఆపుకునేది. నేనేదైనా జోకు చెబితే పెదాలు బిగించి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా చెయ్యి ఊపేది, ఆగు అన్నట్టు. మదరాసు బండి వచ్చాక విరగబడి నవ్వేది. అప్పటికి నా జోకు నేనే మరిచిపోయేదాన్ని.

కాలింగ్ బెల్ వైరు తెంపేశారు. సింకులో పాత తువ్వాలు పరిచి, దానిమీద స్టీలు గిన్నెలు. వీధి తలుపు గడియకి పాత చీర పీలిక చుట్టి, దారంతో బిగించి కట్టేది. గడియ వేసినా తీసినా వేలు కదిలినంత చప్పుడు కూడా రాదు. నేనైతే ఆ తలుపు దగ్గరికి వెళ్ళి మునివేళ్ళతో తట్టేదాన్ని. "ఏమప్పా, పైన బేజారయ్యిందా? రా, కూసో" అనేది.

బేజారు అన్నది ఆమె దగ్గర నేర్చుకున్న మొదటి కన్నడ మాట. నా పగళ్ళకి అంత సరిపోయే మాట తెలుగులో నాకు దొరకలేదు.

మధ్యాహ్నం పెద్దాయనకి గంజి పట్టి, ఒళ్ళు తుడిచి, పక్కకి తిప్పి పడుకోబెట్టాక ఆమెకి కాస్త తీరిక. అప్పుడు టీవీ మీది ఎంబ్రాయిడరీ గుడ్డ మడిచి, వీసీఆర్‌లో క్యాసెట్టు పెట్టేది. ఎప్పుడో టీవీలో వచ్చినప్పుడు వాళ్ళ తమ్ముడు రికార్డు చేసిచ్చిన పాత తెలుగు సినిమా. నలుపూ తెలుపూ. సినిమా పేరు చెప్పను. చెబితే మీకు ఆ కథ గుర్తొస్తుంది. నేను చెప్పేది ఆమె కథ.

మొదటిరోజు సౌండు సున్నాలో ఉండడం చూసి, "వేరే క్యాసెట్లు లేవా అక్కా?" అన్నాను.

"కొత్త సినిమా అయితే సౌండు కావల్ల గదప్పా. సౌండు లేకుంటే ఏం తెలుస్తాది? ఇదయితే నాకు అంతా నోటికొస్తాది. నేను చెప్తా. నువ్వు చూస్తా ఉండు."

చెప్పింది. అందరి మాటలూ ఆమే, నా చెవి దగ్గర, గుసగుసగా. కథ పెద్ద గొప్పదేమీ కాదు. పెద్ద ఇల్లు, గయ్యాళి అత్త, నోరులేని చిన్నకోడలు. కోడలికి చదువుకోవాలని, బయటికి పోవాలని కోరిక. అత్త పోనివ్వదు. కానీ ఓనరక్క నోట్లో పడ్డాక వాళ్ళంతా మా వీధివాళ్ళే. జరీ పంచె కట్టిన జమీందారు కొడుకు తెర మీద తలెత్తి గంభీరంగా పెదాలు కదిపితే, "ఏమే, తిండి అయ్యిందా? చిత్రాన్నం చేసినావా?" అనేవాడు. గొడుగు వేసుకుని రొప్పుతూ వచ్చే హాస్యగాడు, "బస్సే రాలేదమ్మా, నిలబడి నిలబడి కాళ్ళు పాయె" అనేవాడు. అతని వంతు వచ్చేసరికి ఇద్దరం రైలు కోసం ఎదురుచూసేవాళ్ళం, నవ్వడానికి.

ఆ సినిమాలో ఒక సీను ఉంది. బయట వాన. చిన్నకోడలు వీధి తలుపు దగ్గరికి వస్తుంది. గడియ మీద చెయ్యి వేస్తుంది. వెనక అత్త. "యాడికి పోతాండావే ఈ వానలో? తలుపెవురు ఏసుకుంటారు?" కోడలు వెనక్కి తిరుగుతుంది. తెరంతా ఆమె మొహమే. కళ్ళల్లో నీళ్ళు. పెదాలు కదులుతాయి. అక్కడ ఓనరక్క గొంతు మారిపోయేది. "తలుపు నేనే తీసుకుంటా, నేనే ఏసుకుంటా. మీరు పండుకోండి."

అంతే, సీను మారిపోతుంది. తెల్లారి ఉంటుంది. కోడలు ఆ ఇంట్లోనే తులసికోటకి నీళ్ళు పోస్తుంటుంది. "ఇదేంటక్కా, ఇంట్లోనే ఉంది?" అనడిగాను.

"పోయొచ్చింది గదప్పా. పనైపోయినాక వచ్చింది. ఇల్లుండాది గదా, రాకుండా యాడికి పోతాది?"

అలా ఎన్ని మధ్యాహ్నాలు చూశామో లెక్క లేదు. జరగబోయేది ముందే తెలిసిన చోట మనసుకి ఎంత విశ్రాంతిగా ఉంటుందో నాకు అక్కడే తెలిసింది. పైన చీకటి గదిలో కూర్చుని, కాసేపట్లో అక్క క్యాసెట్టు పెడుతుంది అనుకుంటే ఊపిరాడేది. పెద్దాయన కదిలితే ఆమె సినిమా మధ్యలో లేచి వెళ్ళేది. వెళుతూ కూడా ఆపేది కాదు. తలుపు అవతలి నుంచి డైలాగులు సరిగ్గా సమయానికి వచ్చేవి, పెద్దాయన పక్కగుడ్డ మారుస్తూ.

రెండో ఏడు బ్రూక్‌ఫీల్డ్‌లో కొత్తగా పెట్టిన బడిలో లెక్కల టీచరు కావాలని తెలిసి, మా ఆయనకి చెప్పకుండా వెళ్ళి మాట్లాడి వచ్చాను. ఉద్యోగం ఇస్తామన్నారు. ఆయనతో చెబితే వద్దనలేదు. "మంచిదే. కానీ నేను పడుకున్నాక నువ్వు వెళ్తే తలుపెవరు వేసుకుంటారు? నేను లేచి వేసుకోవాలి. నువ్వొచ్చాక మళ్ళీ లేచి తియ్యాలి. ఇక నిద్రేం పోతాను?" అన్నారు. తలుపు దగ్గర మొదలైన మాట తలుపు దగ్గరే ఆగిపోయింది. బడివాళ్ళు వారం గడువిచ్చారు.

మర్నాడు కిందికి వెళ్ళి కూర్చున్నాను. అక్క అడిగింది, చెప్పాను. ఆమె లేచి టీవీ మీది గుడ్డ మడిచింది. క్యాసెట్టు పెట్టింది. వాన సీను వచ్చింది. ఎప్పుడూ తెర వైపు చూసి చెప్పే మనిషి, ఆ రోజు నా మొహంలోకి చూసి చెప్పింది. "తలుపు నేనే తీసుకుంటా, నేనే ఏసుకుంటా. మీరు పండుకోండి."

ఆ సాయంత్రం ఆయన లేచి కాఫీ తాగుతుండగా అదే మాట నేనూ అన్నాను. ఆయన వింతగా చూశారు. "ఎలా? బయట తాళం వేసి నన్ను లోపల పెట్టి పోతావా? ఏ నిప్పో అంటుకుంటే?" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. సినిమాలో అత్త ఆ ప్రశ్న అడగలేదు.

అక్కకి చెబితే, "పగలంతా ఇరుక్కోనుండేది ఎట్లుంటాదో ఒక్క పూట తెలియనీలే" అని, గూడ్సు బండి వచ్చేదాకా ఆగి కడుపారా నవ్వింది. నవ్వు అయ్యాక కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "ఇల్లు మాది గదప్పా. తలుపూ మాదే. నేను చూసుకుంటా" అంది.

రెండ్రోజులకి వడ్రంగిని పిలిపించింది. మా తలుపుకి, లోపల పిడి తిప్పితే తెరుచుకునే, బయట తాళంచెవితో తెరుచుకునే తాళం. లాగితే దానంతటదే పడుతుంది. లోపలివాళ్ళు ఇరుక్కోరు, బయటివాళ్ళు ఎవరినీ లేపక్కర్లేదు. ఆ రోజు మా ఆయనకి సెలవు, స్నేహితుడి ఇంటికి వెళ్ళారు. ఓనరు డ్యూటీలో ఉన్నారు. కింద పెద్దాయన ఉన్నాడు. మా తలుపు సరిగ్గా ఆయన మంచానికి పైన.

"రైలొస్తేనే కొట్టల్ల" అని వడ్రంగికి చెప్పింది.

అతను ఉలి పట్టుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏనక్కా ఇది? మేకు కొట్టేదానికి రైలు రావల్లా?"

"వస్తాది, కూసో. కాఫీ తాగు."

ఉదయమంతా అలాగే నడిచింది. బండి వస్తే టకటకా కొట్టడం, పోగానే ఆగిపోవడం. వడ్రంగి ఎన్ని కాఫీలు తాగాడో. మధ్యాహ్నం అయ్యేసరికి తాళానికి గుంత తొలవడం అయింది. ఇక బిగించాలి. రైళ్ళు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. వడ్రంగికి ఇంకో ఇంట్లో పని. సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. మర్నాడు పొద్దున నేను బడిలో ఉండాలి, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి.

"పోనీలే అక్కా" అన్నాను.

ఆమె మెట్లమీద నిలబడి ఉంది. కింద గదివైపు చూసింది. స్టేషన్ వైపు చూసింది. "కొట్టప్పా" అంది వడ్రంగితో. అతను నమ్మలేదు. "ఊరికే కొట్టు. ఆపొద్దు" అని గబగబా దిగి లోపలికి వెళ్ళిపోయింది.

సుత్తి దెబ్బ పడింది. కిందనుంచి ఏడుపు. దెబ్బ పడుతూనే ఉంది, ఏడుపు వస్తూనే ఉంది. నేను దిగి చూశాను. ఆమె మంచం మీద కూర్చుని, పెద్దాయన తలని పొట్టకి అదుముకుని, రెండు చేతులతో ఆయన చెవులు మూసింది. "అయిపాయె మామా, అయిపాయె. రైలే అది, రైలే" అంటోంది. ఆమె చెంపల మీద నీళ్ళు. నన్ను చూసి, పైకి పొమ్మని గడ్డంతో సైగ చేసింది.

సాయంత్రం ఓనరు వచ్చాక విషయం తెలిసింది. పెద్దాయన ఇంకా వెక్కుతూనే ఉన్నాడు. ఓనరు భార్యని తిట్టడం నాకు వినిపించలేదు, మెట్ల పక్క కిటికీలోంచి కనిపించింది. ఆయన పెదాలు కోపంగా కదులుతున్నాయి, చెయ్యి పైకి, మా తలుపు వైపు చూపిస్తోంది. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. చాలాసేపటికి తలెత్తి ఏదో అంది, చిన్న మాటే. ఆయన ఆగిపోయారు. అన్నాళ్ళూ సౌండు లేని మనుషుల మాటలన్నీ నాకు ఆమే చెప్పింది. ఆ రోజు ఆమె ఏమందో నాకు చెప్పేవాళ్ళు లేరు. తర్వాత అడిగితే, "ఏముందప్పా, సుమ్నె, ఊరికే ఏదో అన్నా" అని దాటేసింది.

మర్నాడు పొద్దున మా ఆయన పడుకున్నాక తలుపు లాగాను. టక్ మని పడింది. ఆయన కదల్లేదు. మెట్లు దిగుతుంటే అక్క వాకిట్లో ముగ్గు వేస్తూ తలెత్తలేదు. చెయ్యి మాత్రం ఊపింది, వెళ్ళు వెళ్ళు అన్నట్టు.

బడిలో మొదట్లో నా గొంతు రెండో బెంచీ దాటేది కాదు. "గట్టిగా మిస్" అని పిల్లలు అరిచేవాళ్ళు. ఇప్పుడు పక్క క్లాసు వాళ్ళు వచ్చి కాస్త మెల్లగా చెప్పమంటారు. చెప్పను. గుసగుసలాడే కొలువు నేను ముందే చేసేశాను.

కొన్నేళ్ళకి మా ఆయనకి పగటి ఉద్యోగం వచ్చింది. వైట్‌ఫీల్డ్ దగ్గర ఫ్లాటుకి మారాం. ఆ తర్వాత ఏడు పెద్దాయన పోయాడు. పలకరించడానికి వెళ్ళాను. తిరిగి వస్తూ, ఇక అక్క హాయిగా ఉంటుంది అనుకున్నాను. ఆ సినిమా సీడీ దొరికితే కొని పట్టుకెళ్ళాను. "ఈసారి సౌండు పెట్టుకుని చూద్దామక్కా" అన్నాను ఉత్సాహంగా.

ఆమె మొహమాటపడింది. నేను వినలేదు, పెట్టేశాను. ఆ ఇంట్లో సంగీతం గుప్పుమంది. ఆమె ఉలిక్కిపడి ఖాళీ మంచం వైపు చూసింది. జమీందారు కొడుకు గొంతు పీలగా ఉంది. హాస్యగాడు బస్సు గురించి అననే లేదు. వాన సీను వచ్చింది. గడియ మీద చెయ్యి వేసిన కోడలు వెనక్కి తిరిగి, తీయటి గొంతుతో, "నన్ను మన్నించండి అత్తయ్యా. ఈ గడప దాటే ఆలోచన ఇంకెప్పుడూ చెయ్యను" అంది. గడియ వేసిన చప్పుడు వినిపించింది.

నేను అక్క వైపు తిరిగాను. అన్నేళ్ళూ నన్ను నడిపించిన మాట ఆ సినిమాలో లేనే లేదు.

"నీకు తెలుసా అక్కా?"

"తెలీకేం? పెండ్లయిన కొత్తలో టాకీసులో చూసింటి గదా. ఆ మాట నాకు సరిపోలేదప్పా. అంత వానలో గడియ దాకా వచ్చి, అదా చెప్పేది? మార్చినా." రిమోట్ తీసుకుని సౌండు తీసేసింది. "ఇప్పుడు చూడు, ఎంత బాగుండాదో."

"అయితే నువ్వు ఎందుకు బయటికి రావు? ఇప్పుడు మామ కూడా లేడు. మా ఇంటికి రా. రెండు బస్సులు" అన్నాను. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

"వస్తాలే. యాడికి పోతాది మీ ఇల్లు?" అంది, గుసగుసగానే. రాలేదు. పిలిచినప్పుడల్లా వస్తాలే అంది. పండక్కి ఒబ్బట్లు చేసి ఓనరుతో పంపింది. గట్టిగా మాట్లాడమంటే, "రావడంలేదప్పా, గొంతు మరిచిపాయె" అని నవ్వింది. ఆ నవ్వు కూడా రైలు వచ్చాకే.

అక్క పోయిన రోజు గుమ్మం ముందు తమటెలు కొట్టడానికి మనుషులు వచ్చారు. అక్కడ అది మామూలే, పెద్ద డప్పుల మోత వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఓనరు అలవాటు కొద్దీ వాళ్ళ ముందు చెయ్యెత్తి మెల్లగా, మెల్లగా అన్నారు. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను ముందుకెళ్ళి, "గట్టిగా కొట్టండి" అన్నాను, క్లాసులో మాట్లాడే గొంతుతో. కొట్టారు. ఆ మోతలో అక్కని ఆ గుమ్మం దాటించారు. నేను ఏడ్చాను. నా ఏడుపు నాకే వినపడలేదు.

మగవాళ్ళు వెళ్ళాక ఇల్లు కడగడానికి ఆడవాళ్ళం ఉండిపోయాం. ఎవరో తలుపు గడియ వేశారు. కడుగుతూ కడుగుతూ టీవీ దగ్గరికి వచ్చాను. ఎంబ్రాయిడరీ గుడ్డ దాని మీద సాపుగా పరిచి ఉంది. రిమోట్‌లో సౌండు తగ్గించే మీట అరిగి, గుర్తు చెరిగిపోయి ఉంది.

అంతలో తలుపు మీద మునివేళ్ళతో ఎవరో తట్టారు. ఓనరు, శ్మశానం నుంచి తిరిగొచ్చారు. నేనే వెళ్ళాను. గడియ మీద చెయ్యి వేస్తే మెత్తగా తగిలింది. పీలిక. పెద్దాయన పోయి ఎన్నో ఏళ్ళయింది, ఇంకా తియ్యలేదా అనుకుంటూ చూశాను. అది పాత పీలిక కాదు. ఆకుపచ్చ చీరది. ఆ చీర నేనే పెట్టాను ఆమెకి, మొన్న మొన్న, మా సొంత ఇంటి గృహప్రవేశానికి రమ్మని పిలవడానికి వెళ్ళినప్పుడు. ఎవరి నిద్రా చెడదని తెలిసీ, పాతది చిరిగితే కొత్తది చుట్టి, దారంతో బిగించి కట్టింది.

దారం నోటితో కొరికి తెంపాను. పీలిక విప్పి చేతికి చుట్టుకున్నాను. వేళ్ళు తడిగా ఉన్నాయి. "తలుపు నేనే తీస్తాను, ఉండండన్నా" అని గడియ గట్టిగా లాగాను.

ఠంగుమంది. గుమ్మం బయట ఆయన ఉలిక్కిపడి, నా భుజం మీదుగా, వాళ్ళ నాన్న పడుకునే గదివైపు చూశారు. ఆ గడియ చప్పుడు నేను వినడం అదే మొదటిసారి.